దూకని డిఫెండర్

కూర్చుని ఆట చూసేవాడు ఈ పనికి పనికిరాడు. ముందే చెప్తున్నాను, తర్వాత నన్నేమీ అనొద్దు.

నా పేరు ఖాజా. పుట్టిందీ పెరిగిందీ గోదావరిఖనిలోనే. కొన్నేళ్ళు కాలేజీలో పిల్లలకు ఆటలు నేర్పాను, ఆ తర్వాత ఒక ప్రొఫెషనల్ కబడ్డీ జట్టుకు కొత్త ఆటగాళ్ళను వెతికిపెట్టే పనిలో చేరాను. పోయిన సీజన్‌తో దానికీ సెలవు చెప్పాను. ఊళ్ళో అందరూ నన్ను సెలెక్టర్ సార్ అనేవాళ్ళు. నేను సెలెక్టర్ని కాదు మహాప్రభో అని ఎంత మొత్తుకున్నా వినేవాడు లేడు. ఎంపిక చేసేది హెడ్ కోచ్, డబ్బు పెట్టే యజమానులు. నేను చూసి వచ్చి చెప్పేవాణ్ణి, అంతే.

ప్రతి ఏడూ ఆటగాళ్ళ వేలానికి ముందు, జట్లు కొత్త కుర్రాళ్ళను ఎంచుకునే రోజు ఒకటి వస్తుంది. రాష్ట్రానికి ఆడినవాళ్ళ సంగతి అందరికీ తెలుసు. ఎవరి కంటా పడని డిగ్రీ కాలేజీ కుర్రాణ్ణి పట్టుకొచ్చి, ఆ రోజుకు ముందే ట్రయల్స్‌లో నిలబెట్టడం నా ఉద్యోగం. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న వాళ్ళు ఫోన్లు చేసి, సార్, ఏం చూడాలి, ఎట్లా చూడాలి అని అడుగుతున్నారు. ఫోన్లో చెప్పే ఓపిక నాకు లేదు. అందుకే రాస్తున్నాను.

తిరుగుతూ చూడాలి

కబడ్డీ కోర్టు చిన్నది. ఒకచోట కూర్చుంటే అంతా కనిపిస్తుందనుకుంటారు. ఏమీ కనిపించదు. కూతకు వెళ్ళేవాడి వెనక నిలబడితే వాడి పాదం కనిపిస్తుంది. పట్టేవాళ్ళ వెనక్కి వెళ్తే వాళ్ళ చేతులు కనిపిస్తాయి. ఔటైనవాళ్ళు కూర్చునే చోటికి వెళ్తేగానీ వాళ్ళ మాటలు వినపడవు. అందుకని ఆట మొదలైన దగ్గరనుంచి నేను కోర్టు చుట్టూ తిరుగుతూనే ఉండేవాణ్ణి. జనం తిట్టేవాళ్ళు. "ఓ సారూ, అడ్డం జరుగున్రి, మేం సూడొద్దా?" అని వెనకనుంచి కేకలు. ఇంట్లో టీవీలో మ్యాచ్ వస్తున్నా అదే వరస. మా ఆవిడ "బైఠో నా జీ!" అని కసురుకుంటుంది. కూర్చుంటాను, అర నిమిషంలో లేస్తాను.

ఇప్పుడు కుర్రాళ్ళు ఫోన్లో వీడియోలు పంపుతున్నారు. పంపనివ్వండి, చూడండి. కానీ నమ్మకండి. ఆ వీడియోల్లో అన్నీ పాయింట్లు తెచ్చిన కూతలే ఉంటాయి. పట్టుబడ్డ కూత ఎవడైనా పంపుతాడా?

ఒకసారి మా పక్కనే ఉన్న జైపూర్ దగ్గర కాలేజీల పోటీలు చూడటానికి వెళ్ళాను. ఒక బక్కపల్చటి కుర్రాడు రెండో కూతకే దొరికిపోయాడు. చూసేవాళ్ళు ఛీ అన్నారు. నేను తిరుగుతూ తిరుగుతూ ఔటైనవాళ్ళ దగ్గరికి వెళ్ళేసరికి, వాడు పక్కవాడితో, "అరేయ్, గా కుడి కార్నర్‌ల ఉన్నోనికి భుజం నొస్తుంది. ఎడమ చేత్తోనే పడుతుండు. అటు దిక్కే పో" అంటున్నాడు. ఔటైన దుఃఖంలో కూడా వాడి కళ్ళు ఆటలోనే ఉన్నాయి. వాణ్ణి పట్టుకుపోయాను. ఇప్పటికీ ఆడుతున్నాడు.

మట్టి కాళ్ళు

మా పిల్లలు మట్టి మీద ఆడి పెరిగినవాళ్ళు. పొద్దున్నే నీళ్ళు చల్లి, రాళ్ళేరి, చెప్పులు విడిచి దిగుతారు. మట్టి మీద మడమతో జారి ఆగడం అలవాటు. పెద్ద జట్లు ఆడేది రబ్బరు మ్యాట్ మీద, దాని మీద అట్లా కుదరదు. బూటు అంటుకుపోతుంది. కాలు ఆగుతుంది, పైనున్న ఒళ్ళు ఆగదు. మధ్యలో మోకాలు బలి.

ఇది నాకు ఒక కమాన్‌పూర్ కుర్రాడి వల్ల తెలిసింది. కూతలో మెరుపు. ట్రయల్స్‌కు పిలిచారు, తీసుకెళ్ళాను. మొదటి పూటే మ్యాట్ మీద మోకాలు మెలిపడి కూలబడ్డాడు. జట్టు ఫిజియో మంచు పెట్టాడు. "ఇంకొకడున్నాడా?" అని కోచ్ అడిగాడు. కట్టుతో వాణ్ణి రైల్లో ఎక్కించి తీసుకొచ్చింది నేనే. ఇప్పుడు బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. నన్ను చూస్తే లేచి చాయ్ చెప్తాడు. నడకలో మాత్రం ఆ కాలు కొంచెం ఈడుస్తాడు.

అప్పటినుంచి నేను ఎవరినీ నేరుగా ట్రయల్స్‌కు తీసుకెళ్ళలేదు. ముందు బూట్లు వేయించి, మ్యాట్ ఉన్న చోటికి తీసుకెళ్ళి నడిపించేవాణ్ణి. మీరూ అట్లాగే చెయ్యండి. ఆ మోకాలి గురించి జట్టు ఆలోచించదు. జట్టుకు ఇంకొకడుంటాడు.

ఇస్త్రీ మహేందర్

మా హెడ్ కోచ్ ఉత్తరాది మనిషి. ఆయన హిందీ, నా దక్కనీ కలిసేవి కాబట్టి మా ఇద్దరికీ స్నేహం కుదిరింది. తగాదాలు కూడా అందుకే బాగా కుదిరాయి. మంచి కోచ్, కాదనను. ఒట్టి మొండి. డిఫెండర్ గురించి, అంటే పట్టేవాడి గురించి, ఆయనకు ఒకటే మాట: "మోకాలి మీద మమకారం ఉన్నవాడు డిఫెండర్ కాడు." ఎంతమందిని ఆ ఒక్క మాటతో వెనక్కి పంపాడో లెక్కలేదు. నేను కూడా ఆ మాట తలూపి వినేవాణ్ణి, మహేందర్‌ను చూసేదాకా.

మహేందర్ గోదావరిఖని డిగ్రీ కాలేజీ కుర్రాడు. ఎడమ కార్నర్‌లో ఆడేవాడు. అంటే పట్టేవాళ్ళ వరసలో ఆ చివర నిలబడేవాడు. కార్నర్ పని ఏమిటంటే, కూతకొచ్చినవాడు కాలు లోపలికి చాచగానే నేలమీదికి దూకి చీలమండ పట్టుకోవడం. పట్టు చిక్కిందా, మిగతావాళ్ళు మీద పడతారు. చిక్కలేదా, అవతలివాడి మోకాలు వచ్చి నీ మోకాలికో మూతికో తగులుతుంది.

మహేందర్ దూకడు. ఎంత దగ్గరికి కాలొచ్చినా దూకడు. నిలబడే పని కానిస్తాడు. వచ్చినవాణ్ణి పక్కకు నెట్టుకుంటూ, గీత వైపు తరుముకుంటూ వెళ్ళి, కోర్టు దాటిస్తాడు. చొక్కాకు మట్టి అంటేది కాదు. తోటివాళ్ళు ఇస్త్రీ అని పేరు పెట్టారు. "ఇస్త్రీ నలుగుతదిరా, పైలం!" అని గ్రౌండంతా నవ్వేది. వాడూ నవ్వేవాడు. అంతకుముందే నాలాగా వెతికేవాళ్ళు ఇద్దరు ముగ్గురు వచ్చి, పిరికివాడని పెదవి విరిచి పోయారు.

నాకు మాత్రం కాలు నిలవలేదు. ఏదో తేడాగా ఉంది, ఏమిటో తెలియదు. మూడు మ్యాచులు వాడి చుట్టే తిరిగాను. చివరికి వాడి వెనక, గీతకు ఆనుకుని నిలబడితే తెలిసింది. భయపడ్డవాడి ఒళ్ళు వెనక్కి పోతుంది. ఎదుటివాడి కాలు రాగానే మడమ లేస్తుంది, తల పక్కకు తిరుగుతుంది. వీడి చెయ్యి ముందుకు పోతోంది. కాలు ఎక్కడికి వస్తుందో అక్కడికి, వచ్చేకంటే ముందే పోతోంది. పోయి, మధ్యలో ఆగిపోతోంది. ఎవరో వెనకనుంచి చొక్కా పట్టి గుంజినట్టు. కూతకొచ్చిన రైడర్ కాలును ఇంత ముందుగా చదివినవాణ్ణి నేను నా సర్వీసులో చూడలేదు. ఒట్టు.

ఆట అయిపోయాక గ్రౌండ్ బయట చాయ్ బండి దగ్గర పట్టుకున్నాను.

"ఏందిరా, చెయ్యి పోతుంది, నువ్వెందుకు పోతలేవు?"

వాడు గ్లాసులోకి చూస్తూ, "నాకు గంతే వస్తది సార్" అన్నాడు.

"అబద్ధం."

"నిజం సార్. చాయ్ సల్లారుతుంది, తాగున్రి."

క్వార్టర్‌లో

మర్నాడు వాళ్ళింటికి వెళ్ళాను. బొగ్గు గనుల కంపెనీ క్వార్టర్. వాళ్ళ నాన్న ఓదెలు మంచం మీద కూర్చుని ఉన్నాడు. భూగర్భ గనిలో పని, నడుం పోయింది, నాలుగడుగులు వేస్తే ఆయాసం. అయినా డ్యూటీకి పోతూనే ఉన్నాడు. వాళ్ళమ్మ రాజవ్వ నాకు కుర్చీ వేసింది. నేను నిలబడే, కుర్రాడి ఆట గురించి, జట్టు గురించి, ఎంపిక గురించి గడగడా చెప్పుకుపోయాను. ఇంత మంచి చెయ్యి ఉన్నవాడు దూకకుండా ఎందుకు ఆగుతున్నాడో అర్థం కావట్లేదన్నాను.

రాజవ్వ నన్ను అదోలా చూసింది. "మీరు గీ ఊరోళ్ళే కదా సారూ, మీకు ఎరుక లేదా?"

అప్పుడు వెలిగింది. తలకాయ గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

ఓదెలు కంపెనీ మెడికల్ బోర్డుకు అర్జీ పెట్టుకున్నాడు. పనికి పనికిరాడని బోర్డు తేలిస్తే, ఆ నౌకరీ కొడుక్కి వస్తుంది. కానీ కొడుకును కూడా డాక్టర్లు పరీక్ష చేస్తారు. కళ్ళు, ఛాతీ, కాళ్ళు, కీళ్ళు అన్నీ సరిగ్గా ఉండాలి. మా కాలనీల్లో ఇట్లాంటి వరసలో ఉన్న కొడుకును ఇట్టే గుర్తుపట్టొచ్చు. బండి మెల్లగా నడుపుతాడు. గణపతి నిమజ్జనంలో పక్కన నిలబడతాడు. కొట్లాట మొదలైతే ఇంటికొస్తాడు. వాడి ఒళ్ళు వాడిది కాదు, ఇల్లంతటిదీ. నేను పుట్టి పెరిగిన ఊళ్ళో, నా కళ్ళముందు ఉన్న సంగతి ఇది. ఉత్తరాది కోచ్‌కు తెలియకపోతే అర్థముంది, నాకేమైంది?

"ఆడద్దని అంటలేం" అంది రాజవ్వ. "ఆడుకొమ్మన్నం. మోకాలు పైలమన్నం. కమాన్‌పూర్ పోరడు కుంటుకుంట నడుస్తలేడా? ఆయన్ను తోలుకపోయింది కూడ మీరేనట గదా."

"నేనే" అన్నాను.

"మరి మోకాలు ఇరిగితె ఆ నౌకరి ఎవలిస్తరు? మీ టీమోళ్ళు ఇస్తరా?"

మా జట్టు ఇచ్చేది ఒక సీజన్ ఒప్పందం, ఆడకపోతే మరుసటి ఏడు పేరు కూడా గుర్తుండదు. ఆ మాట ఆమెకు చెప్పలేక కిటికీ దగ్గరికీ తలుపు దగ్గరికీ తిరిగాను. ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు చెప్తున్నాను, ఈ ప్రశ్న మిమ్మల్నీ ఏదో ఒక ఇంట్లో అడుగుతారు. జవాబు లేకుండా పోకండి.

మంచం మీదనుంచి ఓదెలు దగ్గుతూ అన్నాడు: "తీస్కపోన్రి సార్. దుంకకుంట ఆడుతడు. గట్ల నచ్చితె తీసుకోమనున్రి."

"ఊకో నువ్వు" అంది రాజవ్వ. కానీ వద్దనలేదు.

మహేందర్ గడపలో నిలబడి వింటున్నాడు. వాడి ముఖం చూస్తే తెలిసింది, వాడికి వెళ్ళాలని ఎంత ఉందో.

ట్రయల్స్

మ్యాట్ మీద బాగా నడిపించి, హైదరాబాద్ తీసుకెళ్ళాను. కోచ్‌కు ముందే చెప్పాను: వీడు దూకడు, దూకకుండానే ఏం చేస్తాడో చూడు. కారణం కూడా చెప్పాను. ఆయన విన్నాడు. "భాయ్, ప్రతి ఇంట్లో ఏదో ఒక కథ ఉంటుంది" అన్నాడు. తప్పు మాట కాదది. అందుకే నాకు ఇంకా కోపమొచ్చింది.

మహేందర్ బాగా ఆడాడు. లీగులో ఆడిన రైడర్లను కూడా గీత వైపు తరిమి బయటికి పంపాడు. ఒకణ్ణి ఎటూ పోనివ్వకుండా కార్నర్‌లోనే బిగించి పెట్టాడు. వాడు కూత ఆపేసి, ఎవర్రా ఈ పోరడు అన్నట్టు చూశాడు. నేను కోర్టు చుట్టూ గింగిరాలు తిరుగుతున్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు నన్ను చూసి నవ్వుకుంటున్నారు.

ఆట మధ్యలో ఆపినప్పుడు కోచ్ పిలిచాడు. "కాలును చదవడం బాగుంది. ఒక్కసారి దూకమను. ఒక్కటి చూస్తే చాలు, పేరు రాస్తాను."

"దూకకుండానే పాయింట్లు తెస్తున్నాడు కదా!"

"ఇక్కడ తెస్తాడు. లీగులో చివరి నిమిషంలో, ఒక్క పాయింట్ తేడా ఉన్నప్పుడు, దాటితే అదనపు పాయింట్ వచ్చే బోనస్ గీత మీద కాలు గాల్లో ఉన్నప్పుడు ఏం చేస్తాడు? నిలబడి చూస్తాడా?"

మహేందర్ నీళ్ళు తాగుతున్నాడు. దగ్గరికి వెళ్ళాను.

"ఏమన్నడు సార్?"

"ఒక్కసారి దుంకితె పేరు రాస్తడట."

"మీరేమంటరు?"

"నేనేం అనరా. నేను దుంకమంటే మీ అమ్మకు ఏం చెప్పాలె? దుంకద్దంటే నీకు ఏం చెప్పాలె?"

వాడు నవ్వాడు. నీళ్ళ సీసా నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

చివరి కూతకు అవతలి జట్టులో అందరికంటే వడిగా ఉన్నవాడు వచ్చాడు. సరిగ్గా మహేందర్ ముందే బోనస్ కోసం కాలు చాచాడు. ఒక కాలు గాల్లో ఉంది. అంతకంటే మంచి అదను ఏ కార్నర్‌కూ దొరకదు. మహేందర్ చెయ్యి పోయింది. వేళ్ళు వాడి సాక్సుకు తగిలాయి. నేను చూశాను, తగిలాయి. మోకాళ్ళు వంగాయి. యా అల్లా అనుకున్నాను. అంతే. ఆగిపోయాడు. రైడర్ బోనస్‌తో పాటు తాకిన పాయింట్ కూడా తీసుకుని వెళ్ళిపోయాడు.

కోచ్ పెన్ను జేబులో పెట్టుకున్నాడు. నేను ఆయన మీద విరుచుకుపడ్డాను. "ఆ చెయ్యి చూడలేదా నువ్వు? ఆ చెయ్యి!"

"చూశాను ఖాజాభాయ్. చెయ్యి ఒక్కటే వస్తే ఏం చేసుకోను? మనిషి రావాలి."

ఎంపిక రోజు ఇంట్లో ఫోన్ పట్టుకుని హాలంతా తిరిగాను, ఏమో, ఆఖరి నిమిషంలో మనసు మారుతుందేమోనని. పేర్లన్నీ అయిపోయాయి. మహేందర్ పేరు రాలేదు. కాసేపటికి వాడే ఫోన్ చేశాడు. నన్ను ఏమైనా అంటాడేమో అనుకుంటూనే ఎత్తాను.

"సార్, అన్నం తిన్నరా?" అన్నాడు.

ఎవరిది తప్పు అని నన్ను అడిగితే నాకు తేలలేదు, ఇప్పటికీ తేలలేదు. కోచ్ అన్నదానిలో నిజముంది. రాజవ్వ అన్నదానిలో అంతకంటే ఎక్కువ నిజముంది. కానీ ఆ కుర్రాణ్ణి పిరికివాడని రాసి పోయినవాళ్ళ మీద మాత్రం నాకు కోపం తగ్గదు. వాళ్ళు కుర్చీల్లో కూర్చుని చూశారు. మీరు ఒక కుర్రాడిలో లోపం చూసినప్పుడు, పక్కకు జరిగి ఇంకోవైపునుంచి చూడండి. వాడు ఏం దాచుకుంటున్నాడో, ఎవరికోసం దాచుకుంటున్నాడో అడగండి. అడిగినా ఎంపిక కాకపోవచ్చు. పిరికివాడని మాత్రం తప్పుగా రాయరు.

ఏరియా గ్రౌండ్

ఓదెలును బోర్డు అన్‌ఫిట్ అంది. మహేందర్ పరీక్షల్లో ఫిట్ అయ్యాడు. చదువు ముగించి నౌకరీలో చేరాడు, గనిలోకి దిగుతున్నాడు. మిఠాయి డబ్బాతో ఇంటికొచ్చి కాళ్ళకు మొక్కబోతే, లేవరా అని తిట్టాను. సంతోషమే. నిజంగా సంతోషమే. వాడు వెళ్ళాక మాత్రం చాలాసేపు ఒకచోట నిలవలేకపోయాను.

పని మానేసిన తర్వాత ఒక సాయంత్రం వాడు ఫోన్ చేశాడు. కంపెనీలో ఒక్కో గనుల ఏరియా జట్టుకూ మధ్య కబడ్డీ పోటీలు, మా గ్రౌండ్‌లోనే, తప్పకుండా రమ్మన్నాడు. వెళ్ళాను. మట్టి కోర్టు. డ్యూటీ దిగి స్నానం చేసి వచ్చినవాళ్ళు, డ్యూటీకి పోవాల్సినవాళ్ళు చుట్టూ నిలబడ్డారు. కోర్టు పక్కన ఓదెలు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. రాజవ్వ పక్కనే, కొంగు నడుముకు చుట్టుకుని నిలబడింది. నేను అలవాటుగా తిరుగుతూ మహేందర్ వెనక్కి చేరాను.

మొదటి కూత. వచ్చినవాడు అటు ఊగి, ఇటు ఊగి, మహేందర్ ముందు కాలు చాచాడు.

రాజవ్వ గొంతు గ్రౌండంతా వినపడింది. "దుంకు బిడ్డా! ఇగ దుంకు! నౌకరి వచ్చింది గదరా!"

చెయ్యి పోయింది. ఈసారి చెయ్యి వెనకే మనిషి పోయాడు. భుజం, ఛాతీ, మోకాళ్ళు అన్నీ మట్టిని దున్నుకుంటూ పోయాయి. చీలమండ రెండు చేతుల్లో చిక్కింది. రైడర్ కట్టె విరిగినట్టు పడ్డాడు, మిగతావాళ్ళు మీద పడ్డారు. దుమ్ము లేచి ఏమీ కనిపించలేదు. ఆ రోజు వాడు వచ్చిన ప్రతి కాలుకూ దూకాడు. అవసరం ఉన్నా దూకాడు, లేకపోయినా దూకాడు. అంత చక్కటి కార్నర్ ఆట నేను లీగులో కూడా చూడలేదు. అది చూడాల్సినవాళ్ళు ఒక్కరూ అక్కడ లేరు. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు, దుమ్ము వంక కూడా పెట్టలేదు.

సగం ఆటప్పుడు వాడు నా దగ్గరికొచ్చాడు. మోకాలు గీరుకుపోయి నెత్తురు కారుతోంది. చొక్కా మట్టి ముద్ద.

"సార్, గా రోజు హైదరాబాద్‌ల సాక్సు దొరికింది. సూసిన్రా?"

"చూసినరా."

"మీరొక్కలే సూసిన్రు సార్" అని, సీసా అందుకుని గటగటా నీళ్ళు తాగాడు.

ఓదెలు మెల్లగా లేచి తన కుర్చీ నావైపు జరిపాడు. "కూసోన్రి సార్. ఇప్పుడు మీకు డ్యూటీ లేదు గదా."

పెద్దమనిషి లేచి ఇచ్చాడు, కాదనలేక కూర్చున్నాను. విజిల్ పడింది. అవతలివాడు కూతకు వచ్చి మహేందర్ వైపు కాలు చాచాడు. రాజవ్వ కంటే ముందు నేనే లేచి అరిచాను.

"దుంకురా!"